చింతగింజంత నది

హేలాపురి నగరంలో ఆ రోజు ఎవరూ తుమ్మకూడదు.

ముందు రోజు సాయంత్రమే నాలుగు వీధుల్లోనూ దండోరా వేయించారు. సూక్ష్మచిత్రాల పోటీ ముగిసేదాకా వాకిళ్ళు ఊడవరాదు, మిరపకాయలు దంచరాదు, బళ్ళు కట్టరాదు, గుర్రాలను దౌడు తీయించరాదు. గాలిలో లేచిన ఒక్క ధూళికణం చిత్రకారుడి ఏడాది సాధనను మట్టిపాలు చేస్తుందని లలితసేన మహారాజు నమ్మకం. అందుచేత పాలరాతి మేడలతో, పగడపు రంగు గోపురాలతో, కిటికీ కిటికీకీ ముత్యాల జాలరులతో మెరిసిపోయే ఆ మహానగరం ఊపిరి బిగబట్టుకుని కూర్చుంది. జలుబు చేసినవాళ్ళందరినీ కోట బయటి మామిడితోపులో విడిది పెట్టించారు. శొంఠికాఫీలు లేని కాలం కనుక వాళ్ళకు మిరియాల చారు పోస్తున్నారని వినికిడి.

అటువంటి వీధుల్లో కాళ్ళకు మెత్తటి గుడ్డలు చుట్టుకుని ఇద్దరు మనుషులు రాజప్రాసాదం వైపు నడుస్తున్నారు. ముందున్నవాడు సన్నగా, పొట్టిగా, పెద్ద తలపాగాతో ఉన్నాడు. వెనకవాడు తాటిచెట్టంత మనిషి. వాడి భుజం మీద తెల్లని గొడుగు ఉంది.

"బావా, నా మీసం సరిగ్గా ఉందా?" అంది ముందున్న తలపాగా, గొంతు తగ్గించి.

"నా మీసం కంటే నీదే బాగుంది. అదే నాకు కష్టంగా ఉంది" అన్నాడు వెనకవాడు.

ఆ తలపాగా కింద ఉన్నది కల్హారిక. వెనక నడుస్తున్నది ఆమె మేనబావ, మొగుడు, గవ్వలరేవులో పడవ నడిపే భద్రకుడు. ఆడవాళ్ళ గాజుల చప్పుడుకు మగవాళ్ళ చేతులు వణుకుతాయని ఏనాటి రాజో ఒక శాసనం చేయడంవల్ల ఈ పోటీలో స్త్రీలకు ప్రవేశం లేదు. అందుకే ఈ మీసం.

వాళ్ళు వచ్చింది గెలుపు కోసం కాదు. కల్హారిక తండ్రి మయూరాచారి కోసం.

మయూరాచారి నాలుగేళ్ళు వరసగా ఈ పోటీకి వచ్చాడు. మూడుసార్లు ఓడిపోయాడు. మూడోసారైతే ఆఖరి ఘడియలో తడి రంగు మీద దోమ వాలింది. అయినా ఓడిన ప్రతిసారీ ఆయన పెళ్ళివిందు తిని వచ్చినట్టు ఇంటికి వచ్చేవాడు. నలభైమంది చేతిపని చూశానని, ఫలానావాడు నెమలి కంఠానికి ఏ రంగు మీద ఏ రంగు వేశాడో పసిగట్టానని వారం రోజులు అదే ముచ్చట. కిందటి ఏడు గెలిచాడు. గెలిచిన మనిషి మాత్రం తిరిగి రాలేదు. బహుమానాలతో పరదేశం వెళ్ళిపోయాడని రాజభటులు కబురు చెప్పారు. విచారిస్తే తేలిందేమిటంటే పన్నెండేళ్ళుగా గెలిచినవాళ్ళందరూ అలాగే పరదేశం వెళ్ళారు. ఒక్కడూ ఇంటికి రాలేదు.

తల్లి పోయిన భద్రకుణ్ణి చంకనెత్తుకుని పెంచినవాడు ఆ మేనమామే. ఆయన లేని ఇంట్లో ఏడాదిగా వాడికి అన్నం సయించడం లేదు.

"నాకు తెలియక అడుగుతాను" అన్నాడు భద్రకుడు నడుస్తూనే. "మామ అంత పనిమంతుడు కదా. ఊళ్ళో తలుపులకు చిలకలు గీసుకుంటూ హాయిగా ఉండక, ఏడాదంతా కళ్ళు పొడుచుకుని చింతగింజంత బొమ్మ గీయడమేమిటి? మళ్ళీ పోటీకి పరుగెత్తుకొచ్చి ఇంకోటి గీయడమేమిటి? అసలు దాన్ని చూసేదెవరు? మొన్న నువ్వు చూపించిన బొమ్మ మీద ఈగ రెట్ట వేసిందనుకుని తుడవబోయాను."

"అది ఐరావతం!"

"అదే మరి. ఏనుగంటే దూరం నుంచి కూడా ఏనుగులా ఉండాలి."

కల్హారికకు కోపంతోపాటు నవ్వూ వచ్చింది గాని నవ్వితే మీసం ఊడుతుందని ఆ కోపాన్నే గట్టిగా పట్టుకుంది.

ప్రాసాదపు నడిమి ప్రాంగణంలో నలభైమంది చిత్రకారులు పద్మాసనాలు వేసి కూర్చున్నారు. ఒక్కొక్కరి వెనక ఒక్కొక్క గొడుగుకాపు. ఎండ తిరిగినకొద్దీ గొడుగు తిప్పుతూ, వెలుగు ఒకే తీరున పడేలా చూడటం గొడుగుకాపు పని. వాడి నీడ కదిలితే గీత కదిలినట్టే.

శంఖం ఊదారు. వర్ణాధికారి ధూమ్రకేశుడు వచ్చాడు. అతని జుట్టు పచ్చికట్టెల పొయ్యి మీది పొగలా తలపైన తేలుతూ ఉంటుంది. కళ్ళు మాత్రం ఎదుటివాడి చొక్కా దారాలు లెక్కపెట్టేంత చురుకు.

"ఈ ఏటి విషయం, మీ మనసుకు అయినవారి ముఖం" అన్నాడు. "చింతగింజంత దంతపు బిళ్ళ మీద, సూర్యుడు పడమటి గోపురం తాకేలోగా. చివరి చుక్క మాత్రం ఎవరూ పెట్టరాదు. అది గెలిచినవారు వర్ణమందిరంలో, నా ఎదుట, రాజనీలంతో పెట్టాలి. ఇది ఆనవాయితీ."

కల్హారిక ఉడుత తోక వెంట్రుకల కుంచె తీసింది. దాని కొసన పనిచేసేది ఒకే ఒక్క వెంట్రుక. రంగులో ముంచడం, పెదవుల మధ్య పెట్టి మొన తేల్చడం, ఊపిరి బిగబట్టి ఒక గీత గీయడం, ఊపిరి వదలడం. మళ్ళీ ముంచడం. ఐదో ఏట తండ్రి ఒళ్ళో కూర్చుని నేర్చిన పని అది. ఇంట్లో ఉన్నప్పుడు ఆమె పెదవులు పొద్దున పసుపుగా, మధ్యాహ్నం ఆకుపచ్చగా ఉండేవి. రంగులతోనే కడుపు నింపుకుంటే బియ్యం మిగులుతాయని భద్రకుడు వేళాకోళం చేసేవాడు.

ఆమె ఊపిరి బిగబట్టినప్పుడల్లా వాడూ బిగబట్టాడు. జాము గడిచేసరికి వాడి ముఖం కందగడ్డలా ఎర్రబడింది. ముక్కు కొసన చేరిన చెమటబొట్టు దంతపు బిళ్ళ మీదికే జారబోతుంటే నాలుక చాచి అందుకున్నాడు. గొడుగు మాత్రం కదలలేదు. ఏటి సుడిలో తెడ్డు పట్టిన చేతులవి.

మధ్యాహ్నం ధూమ్రకేశుడు వరసల మధ్య తిరుగుతూ చిటిక వేశాడు. అతని చేతిగుడ్డ మడతల్లోంచి కందిరీగలు బుస్సున లేచాయి! ఇరవై గొడుగులు ఒక్కసారి ఊగిపోయాయి. చిత్రకారులు కేకలు పెట్టారు, రంగులు ఒలికాయి, దంతపు బిళ్ళలు దొర్లాయి. ఒక కందిరీగ భద్రకుడి ఎడమ చెవి మీద కుట్టింది. రెండోది కుడి చెవి మీద. మూడోది ఎక్కడ కుట్టిందో పెద్దమనుషుల మధ్య చెప్పుకోలేం. వాడి కళ్ళవెంట నీళ్ళు ధారలు కట్టాయి. గొడుగు నీడ మాత్రం వెంట్రుక వాసి కూడా జరగలేదు.

పడమటి గోపురం మీద పొద్దు వాలింది. లలితసేన మహారాజు స్ఫటికపు అద్దం కంటికి ఆనించుకుని మిగిలిన చిత్రాలను ఒక్కొక్కటే చూస్తూ కల్హారిక దగ్గర ఆగిపోయాడు.

"ఆహా! ఈ ముఖం మీద చెమట కూడా ఉందే! చిన్నప్పుడు అమ్మవారు పోసిన మచ్చలు మూడు! ఎవరయ్యా ఇతను? నవ్వబోతున్నాడా, తిట్టబోతున్నాడా?"

"ఆ రెండూ ఎప్పుడూ కలిసే ఉంటాయి మహాప్రభూ" అంది కల్హారిక గొంతు బొంగురు చేసుకుని.

రాజు తల పైకెత్తాడు. గొడుగు కింద రెండు చెవులూ వాచిపోయి నిలబడ్డ భద్రకుణ్ణి చూశాడు. చిత్రాన్ని చూశాడు. పకపక నవ్వి, స్ఫటికపు అద్దాన్ని కల్హారిక చేతిలో పెట్టి, "గెలిచావు నాయనా!" అన్నాడు.

భద్రకుడు గొడుగు వంచి ఆ బిళ్ళ వైపు చూశాడు. ఆమె గీసేది మామ ముఖమేనని వాడు పొద్దుటినుంచీ అనుకుంటున్నాడు.

"నాన్న ముఖం గీయబోతే చెయ్యి వణికింది బావా" అంది ఆమె వర్ణమందిరం మెట్లు ఎక్కుతూ, మెల్లగా. "నీ ముఖమైతే కళ్ళు మూసుకున్నా వస్తుంది." వాడికి చెవుల మంట కాసేపు తెలియలేదు.

వర్ణమందిరం చలువరాతి గుహలా ఉంది. గోడల నిండా వెయ్యి గవ్వల్లో వెయ్యి రంగులు. ఎదురుగా పన్నెండు బంగారు చట్రాల్లో పన్నెండేళ్ళ బహుమాన చిత్రాలు. రాజనీలం నూరి తెస్తానని ధూమ్రకేశుడు లోపలి గదిలోకి వెళ్ళగానే కల్హారిక చివరి చట్రం దగ్గరికి పరుగెత్తి స్ఫటికపు అద్దం ఆనించింది.

మయూరాచారి గీసిన చిత్రం. చింతగింజంత దంతం మీద గవ్వలరేవు నది, నది మధ్యన ఇసుక లంక.

"బావా, నాన్న ఇందులో మనిషిని గీయలేదు. ఇంట్లో ఈ నదిని వందసార్లు గీశాడు, ఒక్కసారీ మనిషి లేడు. ఇప్పుడు ఉన్నాడు చూడు!"

భద్రకుడు అద్దంలోంచి చూశాడు. లంక మీద నువ్వుగింజలో పదో వంతు మనిషి చేతులు ఊపుతున్నాడు. నిజంగా ఊపుతున్నాడు! తెల్లని గడ్డం, వంగిన వీపు, నీలం అంటిన పెదవులు. ఆయన కాళ్ళ దగ్గర ఇసుక మీద వేలితో రాసిన అక్షరాలు ఉన్నాయి. పడవ కావాలి.

"మామా!" అన్నాడు భద్రకుడు, అద్దానికి ముక్కు ఆనించి.

కల్హారిక బుర్ర చురుగ్గా పనిచేసింది. "పెదవులకు నీలం! కుంచె మొన నోటితో తేల్చని చిత్రకారుడు ఈ లోకంలో లేడు. ఆ రాజనీలంలోనే ఉంది మాయ. నాన్న తన బొమ్మనే చూస్తూ రుచి చూశాడు, అందులోనే పడ్డాడు. మిగతావాళ్ళూ అంతే."

అంతలో ధూమ్రకేశుడు వచ్చాడు. చేతిలో వెండి గవ్వ, అందులో నెమలి కంఠంలా మెరిసే నీలం. "కానివ్వు నాయనా. చివరి చుక్క."

కల్హారిక కుంచె ముంచింది. గెలిచిన చిత్రం వైపు వంగింది. అన్నీ తెలుసు ఆమెకు. అర నిమిషం క్రితం తన నోటితోనే చెప్పింది. అయినా ఇరవై ఏళ్ళ అలవాటు ఆ చేతిది. కుంచె సూటిగా పెదవుల దగ్గరికే వెళ్ళింది!

భద్రకుడు ఒక్క గెంతులో ఆమె మణికట్టు పట్టుకున్నాడు. కుంచె ఎగిరిపడింది.

"మూర్ఖుడా!" ధూమ్రకేశుడు గర్జించాడు. అతని రెండు కళ్ళలోనూ చిన్న చిన్న కళ్ళు దానిమ్మగింజల్లా మెరిశాయి. "పన్నెండుమంది చిత్రకారుల చూపు నా కళ్ళలో ఉంది. మీరు ఏ మూల దాక్కున్నా కనిపిస్తారు. కందిరీగలకు కూడా చెదరని ఈ పదమూడో చూపు దొరికితే మూడు లోకాలూ కనిపిస్తాయి!"

"ముందు ఇది చూడు" అని భద్రకుడు తెరిచిన గొడుగును వాడి తల మీద బోర్లించి, మెడదాకా నొక్కి, పొగజుట్టుతో సహా గొడుగు మూసేశాడు. ఆ మూటను అలాగే బయటికి తోసి, తలుపు వేసి గడియ బిగించాడు. పెనుగులాటలో వెండి గవ్వ దొర్లింది. అడుగున నాలుగు చుక్కల నీలం మిగిలింది.

బయట మాంత్రికుడు పొగగా మారాడు. తలుపు కింది సందులోంచి నల్లని పొగ పాక్కుంటూ రాసాగింది. కల్హారిక తలపాగా లాగి ఆ సందులో కుక్కింది. జారిన జడ నడుము దాటింది. తాళపుచెవి రంధ్రంలోంచి ఇంకో పొగపాయ తొంగిచూసింది. భద్రకుడు ఆమె మీసం పీకి అందులో దూర్చాడు. తలుపు అవతలినుంచి ఒక తుమ్ము వినిపించింది. హేలాపురిలో ఆ రోజుకు అదే మొదటిది.

"ఎంతోసేపు ఆగదు" అంది కల్హారిక చట్రంలోంచి తండ్రి చిత్రం ఊడదీస్తూ. "ఈ నీలంతో పడవ గీస్తాను. నేనే లోపలికి వెళ్తాను."

"నీకు తెడ్డు వేయడం వచ్చా?"

"రాదు."

"నాకు గీయడం రాదు. మామకు గీయడం తప్ప తెడ్డు వేయడం రాదు. ఇక ఎవరు లోపల ఉండాలో, ఎవరు బయట ఉండాలో నువ్వే చెప్పు."

ఆమె వాడి ముఖంలోకి చూసింది. పొద్దంతా చూసి గీసిన ముఖమే. కళ్ళనీళ్ళు తుడుచుకుంది, తడి బొట్టు చిత్రం మీద పడుతుందని. ఒక్క ఊపిరి బిగబట్టి లంక అంచున పడవ గీసింది. తెడ్డు కూడా పెట్టింది. చిత్రంలో ఆ పడవ నీళ్ళ మీద నిజంగానే ఊగింది.

"బావా, నువ్వు లేకపోతే నేను ఉండలేను. ఆ సంగతి తెలిసే వెళ్ళు."

"మామ లేకుండా నిన్ను ఇంటికి తీసుకెళ్ళడం నాకు చేతకాదు" అన్నాడు వాడు. కుంచె అందుకుని, నది మీద చూపు నిలిపి, మొన నాలుక మీద పెట్టుకున్నాడు. పచ్చి వెలక్కాయ తిన్నట్టు నోరంతా వగరెక్కింది. గది, గోడలు, కల్హారిక గాజుల్లేని మణికట్టు ఆకాశమంత పెరిగి పైకి వెళ్ళిపోయాయి.

కాళ్ళ కింద ఇసుక చల్లగా తగిలింది.

భద్రకుడు నోరు తెరుచుకుని నిలబడిపోయాడు. ఒక్కొక్క ఇసుక రేణువుకూ ఒక వైపు వెలుగు, ఒక వైపు నీడ. నీటి మీద ప్రతి అలకూ నురుగు అంచు. ఒంటికాలి మీద నిలబడ్డ కొంగ రెక్కలో ఈకకు ఈకకు మధ్య సందు. నీళ్ళలోకి వంగి చూస్తే చేప, చేప కంట్లో నది, ఆ నదిలో మళ్ళీ కొంగ. లంక అంచున తన పడవ కట్టే మూడు రాళ్ళు, వాటిలో నడిమి రాయికి తన తాడు ఒరుసుకుని పడ్డ గాడి. ఇరవై ఏళ్ళుగా రోజూ చూసే నదిలో తాను చూడనివన్నీ ఉన్నాయి.

"మామా, ఇదంతా నువ్వే గీశావా?" అన్నాడు. "బయటినుంచి నాకు సన్నటి నీలి చార కనబడేది. ఇంత ఉందని ఎవరికి తెలుస్తుంది?"

"నాకు తెలుసు కదా అల్లుడూ!" అంటూ మయూరాచారి పరుగున వచ్చి వాణ్ణి గట్టిగా వాటేసుకున్నాడు. ఏడ్చాడు. ఏడుపు మధ్యలోనే, "ఈ ఏడు పోటీకి ఎంతమంది వచ్చారు? కుంతలదేశంవాడు వచ్చాడా? పసుపు మీద ఏం పూశాడు?" అన్నాడు.

"ఏడాది చెరలో పడి కూడా పోటీ ముచ్చటేనా! మీ అమ్మాయి గెలిచింది."

"గెలిచిందా!" ముసలాయన లంక మీద రెండు గంతులు వేశాడు. "ఏం గీసింది?"

"నన్ను."

"నిన్నా? ఆ ముక్కుతోనే?"

"మామా, పొగ వస్తోంది. ముందు పడవెక్కు."

నిజమే. ఆకాశమంతా కల్హారిక కన్ను ఉంది, స్ఫటికంలోంచి పెద్దదై, తడిగా, రెప్ప వేయకుండా. ఆ కంటి మూలల్లో నల్లని పొగ తీగలు అల్లుకుంటున్నాయి. మీసం ఊడిపోయినట్టుంది.

భద్రకుడు తెడ్డు అందుకున్నాడు. పడవ బాణంలా దూసుకుపోయింది. మయూరాచారి చుక్కాని దగ్గర కూర్చుని, గాలికి ఎదురుగా అరిచి చెప్పాడు. "ఆ దుర్మార్గుడే ఎగతాళిగా అన్నాడు. నేల మీద నడిచి చిత్రం అంచు దాటినవాడు బయటపడతాడట. నీళ్ళలోంచి దాటలేం, వెనక్కి తోసేస్తాయి."

"అయితే ఆవలి ఒడ్డు ఎక్కితే చాలు!"

ముసలాయన చుక్కాని కర్రను గోటితో గీకసాగాడు.

"మామా?"

"ఏ ఒడ్డూ గీయలేదు అల్లుడూ" అన్నాడాయన చిన్నబోయి. "చేప కంట్లో నది పెట్టేసరికి పొద్దు గోపురం తాకింది. ఒడ్డు గీయడానికి సమయం చాలలేదు. రాజుగారికి కంటిచూపు తక్కువ కదా, ఎవరూ కనిపెట్టలేదు."

భద్రకుడు తల తిప్పి ముందుకు చూశాడు. నది ఆగిపోయింది. దాని అవతల ఏమీ లేదు. మబ్బు కాదు, మంచు కాదు. ఉత్త దంతం, తెల్లగా, నున్నగా. నీళ్ళు ఆ తెలుపును తాకి వెనక్కి సుడి తిరుగుతున్నాయి. పడవ ముక్కు సుడిలో చిక్కి గిర్రున తిరిగింది.

"ఒడ్డు లేదు కల్హారీ!" వాడు ఆకాశం వైపు చూసి రొమ్ము పగిలేలా అరిచాడు. "ఒడ్డు!"

ఆ కేక దోమ పాటంతైనా పైకి చేరిందో లేదో. పైన పొగ సగం కన్నును కమ్మేసింది. పొగలోంచి పొడుగాటి గోరు ఒకటి, కొండచరియంత, నది మీదికి దిగి రాసాగింది. దాని నీడ పడ్డచోట నీళ్ళు నల్లబడ్డాయి. భద్రకుడు సుడికి ఎదురు తెడ్డు వేస్తూ, మామను పడవ అడుగుకు వంచి, తన వీపు అడ్డం పెట్టాడు.

అప్పుడు గోరుకూ వాళ్ళకూ మధ్యన ఇంకొకటి దిగింది. తాటిమానంత లావున, కొసన సూదిలా సన్నబడి, నీలం ఓడుతూ. ఉడుత వెంట్రుక! అది తెల్లని దంతం మీద ఒక్క గీత గీసింది. గీత వెంట ఇసుక పరుచుకుంది, నీలి ఇసుక. ఇంకో గీత. నీలి గడ్డి లేచింది. మూడోది సగంలో వణికింది. నీలం అయిపోయింది.

ఒక్క మనిషి అడుగు పట్టేంత ఒడ్డు అది. దాని మీద ఇద్దరు నడవాలి.

"ఇంకా ఆరలేదురా" అన్నాడు మయూరాచారి, చిత్రకారుడి గొంతుతో. "తడి రంగు మీద కాలు పెడితే పాడైపోతుంది. అమ్మాయి పని పాడైపోతుంది."

"నీ తలకాయ! దూకు మామా!" అని భద్రకుడు ఆయన్ని బస్తాలా భుజాన వేసుకుని, ఆ తడి ఒడ్డు మీదికి దూకాడు. అడుగు పడింది ఒక్కటే, అంచు దాటింది ఇద్దరు.